గిన్నెలో లెక్క, నోటుబుక్కులో లెక్క

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, ఆదివారం పిల్లల కార్యక్రమం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం. నాచారంలో ఒకే సంఘం సభ్యులం. ఇద్దరం కుట్టుపని చేస్తాం, ఒకరం పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పనికి పోతాం, ఒకరం హాస్టల్లో వంట చేస్తాం. మాలో పదో తరగతి దాటింది ఒక్కరే. మేము టీచర్లం కాము. పోయిన జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు మా పిల్లలను కూర్చోబెట్టుకొని ఇంట్లో కేకు చేస్తూ లెక్కలు నేర్పే ప్రయత్నం చేశాం. అందులో ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు, మేమెక్కడ తప్పు చేశాం అన్నది ఉన్నదున్నట్టు చెప్పమని సమాఖ్య అడిగింది. అదే చెప్తాం.

ఎందుకు మొదలుపెట్టాం

ఒక సంఘం మీటింగులో పుట్టింది ఈ ఆలోచన. ఆ రోజు పుస్తకం రాస్తున్న అక్క దగ్గరికి, ఆరో తరగతి చదివే ఆమె కొడుకు నోటుబుక్కు పట్టుకొని వచ్చాడు. "అమ్మా, మూడు బై నాలుగులో సగమంటే ఎంత?" అని అడిగాడు. "నాకేం తెలుస్తది బిడ్డా, నాకు లెక్కలు రావు. రేపు మీ సార్‌ను అడుగు" అని పంపించేసింది.

ఆమె అలా అంటున్నప్పుడు ఆమె ఒళ్లో ఉన్నది మన సంఘం పుస్తకం. పది మంది పొదుపు, ముగ్గురి కిస్తీలు, వాటి మీద వడ్డీ, ఆలస్యంగా వచ్చినవాళ్ల జరిమానా, అన్నీ నోటితోనే కలిపి, ఒక్క రూపాయి తేడా రాకుండా మూసింది. అయినా "నాకు లెక్కలు రావు" అంటుంది. మేమందరం అదే అంటాం. అరవై మందికి వండే అక్క, తొంభై మంది వస్తున్నారంటే బియ్యం ఎంత, పప్పు ఎంత అని నిలబడ్డచోటే చెప్తుంది. ఆమె కూడా అదే మాట అంటుంది.

ఆ మాట పిల్లలు వింటారు. అమ్మకు రాదంటే నాకూ రాదు అనుకుంటారు. ఆడపిల్లలైతే ఇంకా తొందరగా అనుకుంటారు. ముందు ఆ మాట మానాలి అనుకున్నాం.

కేకే ఎందుకు

పప్పు, చారు చేసేటప్పుడు మనం చూసినట్టు వేస్తాం. చిటికెడు, పిడికెడు, చారెడు. తక్కువైతే మళ్లీ వేస్తాం, ఎక్కువైతే నీళ్లు పోస్తాం. కేకుతో అది కుదరదు. సోడా ఎక్కువైతే చేదు వస్తుంది, తక్కువైతే పొంగదు. పొయ్యి మీద పెట్టాక సరిదిద్దడానికి వీల్లేదు. కొలత తప్పితే ఆ తప్పు కేకే చూపిస్తుంది, మనం పిల్లల్ని కోప్పడాల్సిన పనిలేదు.

దీనికి ఓవెన్ అక్కర్లేదు. మేము కుక్కర్లోనే చేశాం. గుడ్డు కూడా లేదు. మేము పట్టుకున్న కొలతలు ఇవి: మైదా ఒకటిన్నర కప్పు, పెరుగు ఒక కప్పు, చక్కెర ముప్పావు కప్పు, నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీస్పూను, తినే సోడా అర టీస్పూను, వెనీలా ఒక టీస్పూను. చూడండి, ఈ ఒక్క కేకులో అర, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర అన్నీ ఉన్నాయి. ఐదు, ఆరు తరగతుల పిల్లలు భయపడే భిన్నాలు ఇవే.

పెరుగులో చక్కెర కరిగేదాకా కలిపి, సోడా, బేకింగ్ పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే బుడగలు వస్తాయి. తర్వాత నూనె, వెనీలా వేసి, జల్లించిన మైదా కొంచెం కొంచెంగా కలపాలి. కుక్కర్ అడుగున ఉప్పు పోసి పది నిమిషాలు వేడిచేసి, గిన్నె లోపల పెట్టి, సన్నని మంట మీద నలభై నుంచి నలభై ఐదు నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

జాగ్రత్తలు గట్టిగా చెప్తున్నాం. గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. కుక్కర్లో నీళ్లు పోయొద్దు. పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి, పిల్లల పని కొలవడం, కలపడం, రాయడం వరకే. ఆ ఉప్పును మళ్లీ కూరలో వాడొద్దు, డబ్బాలో పోసి కేకులకే ఉంచుకోండి.

మొదటి ఆదివారం

మొదటి కేకు రాయిలా వచ్చింది. కారణం వెతికితే దొరికింది. మైదా ఒక ఇంటి స్టీలు గ్లాసుతో కొలిచాం, పెరుగు ఇంకో ఇంటి గ్లాసుతో. రెండూ "గ్లాసే" కానీ ఒకటి పెద్దది. పిల్లలే రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి చూపించారు. కొలిచేది ఒకటే ఉండాలి అన్న పాఠం ఆ రోజు పిల్లలకంటే ముందు మాకు వచ్చింది.

మన ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. 1767లో మొదలైన సంస్థ అది, దేశమంతా కొలిచి పటాలు గీసేవాళ్లు. ఆ గేటు ముందు నుంచి బస్సులో రోజూ పోతాం. దేశాన్ని కొలిచినా, పిండిని కొలిచినా, కొలబద్ద మారితే లెక్క చెడిపోతుంది అని పిల్లలకు చెప్పాం. వాళ్లు నవ్వారు కానీ గుర్తుపెట్టుకున్నారు.

తర్వాత అందరం తలా కొంత వేసుకొని కొలత కప్పులు, స్పూన్ల సెట్టు ఒకటి కొన్నాం. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను 15, టీస్పూను 5. ఒక కప్పుకు ఎన్ని టేబుల్‌స్పూన్లు పడతాయో పోసి లెక్కపెట్టమంటే పిల్లలు పదహారు అన్నారు. అప్పుడు మాలో పెద్ద అక్క "పదహారో వంతును మా అమ్మ వీసం అనేది" అంది. నిజమే. పావులో సగం పరక, పరకలో సగం వీసం. పాతకాలం కొలతలు కూడా అట్లాంటివే: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. తెలుగులో భిన్నాలకు వేరే గుర్తులే ఉండేవి, నాలుగో వంతుల లెక్కలో రాసేవాళ్లు. భిన్నాలు మనకు ఇంగ్లీషు పుస్తకంతో వచ్చినవి కావు. కిరాణా కొట్లో "అద్దపావు చాయ్‌పత్తా ఇయ్యి" అన్నప్పుడల్లా మనం భిన్నమే మాట్లాడుతున్నాం.

మేము చేసిన తప్పు

మూడు నెలలు బాగా సాగింది. నెలకు రెండుసార్లే కేకు. మిగతా ఆదివారాలు ఇడ్లీ పిండికి ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ అంటూ నిష్పత్తి, జొన్నరొట్టెను నాలుగు, ఎనిమిది ముక్కలు చేయడం, ఇలా చేశాం. రోజూ చక్కెర తినిపించడం మంచిది కాదు, ఖర్చూ ఎక్కువ. పిల్లలకు చేయి తిరిగింది. "ఈ రోజు సగం కేకే" అంటే మైదా ముప్పావు కప్పు అని చటుక్కున కొలిచేవాళ్లు. మేము లెక్కలు వచ్చేశాయి అనుకున్నాం.

దసరా సెలవులకు ముందు పరీక్ష మార్కులు వచ్చాయి. భిన్నాల్లో ఎక్కువమంది పాత మార్కుల దగ్గరే ఉన్నారు. మేము మొదట చెప్పిన ఆ పిల్లవాడు కూడా అంతే. ఒక తల్లి మా మొహం మీదే అంది: "కేకులు తిన్నరు, లెక్కలు మాత్రం రాలె." మాకు తల కొట్టేసినట్టయింది. ఆపేద్దామా అని కూడా అనుకున్నాం.

అప్పుడు మా ఆర్పీ అక్క ఒక సంగతి చెప్పింది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్లతో పాటు ఇంకొందరు చేసిన అధ్యయనం 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో కూరగాయలు, సామాన్లు అమ్మే పిల్లలను చూశారు వాళ్లు. ఇన్ని కిలోలు, ఇంత ధర, ఇంత చిల్లర అని ఆ పిల్లలు నోటితోనే టక్కున చెప్పారు. బడిలో ఇచ్చినట్టు కాగితం మీద లెక్క పెడితే, అంతకంటే తేలికైనవి కూడా తప్పారు. బడికి మాత్రమే పోయే పిల్లలు దానికి తలకిందులు: కాగితం మీద చేశారు, మార్కెట్లో సరుకు కొని చిల్లర లెక్కపెట్టమంటే తడబడ్డారు. బ్రెజిల్ దేశంలోని రెసీఫె నగరంలో వీధుల్లో అమ్మే పిల్లల గురించి 1985లోనే ఇలాంటి సంగతి రాశారట.

అది విన్నాక మా తప్పు మాకు అర్థమైంది. గిన్నెలో వచ్చిన లెక్క దానంతటది నోటుబుక్కులోకి నడిచిపోదు. చేయి పట్టి దాటించాలి. మేము కొలిపించాం, తినిపించాం, కానీ రాయించలేదు. అక్కలారా, ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ఎలా దాటించాం

దసరా తర్వాత పద్ధతి మార్చాం. ఇంట్లో మీరు కూడా చేసుకోవచ్చు కాబట్టి వరుసగా చెప్తాం.

ఒకటి, కొలిచే ముందు అంచనా చెప్పించాలి. "ముప్పావు కప్పు చక్కెరలో సగం చేయాలి. అర కప్పు కంటే ఎక్కువా, తక్కువా?"

రెండు, చేతితో కొలవాలి.

మూడు, నోటితో మన మాటల్లో చెప్పాలి. "ఒకటిన్నరలో సగం ముప్పావు."

నాలుగు, బొమ్మ గీయాలి. రొట్టె బొమ్మ కంటే బర్ఫీ పలక లాంటి నలుచదరం గీస్తే ముక్కలు సమంగా వస్తాయి.

ఐదు, అంకెల్లో రాయాలి. ఒకటిన్నర అంటే 3/2. దానిలో సగం, 3/2 × 1/2 = 3/4.

ఆరు, గిన్నెలు పక్కన పెట్టేసి, బడి పుస్తకంలోంచి అలాంటి లెక్కే ఒకటి చేయాలి. ఇది వదిలేస్తే మొదటి ఐదూ వృథా. మూడు నెలలు మేము వదిలేసింది దీన్నే.

చాలామంది పిల్లలకు ఒకే రకం పొరపాటు ఉందని రాయించాకే తెలిసింది. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా, అందుకని 1/4 కంటే 1/8 పెద్దది అనుకుంటున్నారు. పావు కప్పులో పట్టిన చక్కెరను రెండు సమాన భాగాలు చేయించి, ఒక భాగం పక్కన 1/8 అని చీటీ పెడితే ఆ అనుమానం తీరింది. ఎన్ని ఎక్కువ భాగాలు చేస్తే ఒక్కో భాగం అంత చిన్నదవుతుంది. ఇంట్లో ఒక కేకును పంచుకునే పిల్లలకు ఆ సంగతి ముందే తెలుసు. దాన్ని అంకెతో కలపలేదంతే.

పెద్ద పిల్లలకు పెద్ద లెక్కలు. ఆరు అంగుళాల గుండ్రని గిన్నెకూ, ఎనిమిది అంగుళాల గిన్నెకూ తేడా రెండు అంగుళాలే. పిండి మాత్రం దాదాపు రెండింతలు పడుతుంది. ఎందుకు? ఆరారు ముప్పై ఆరు, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. వైశాల్యం అనే పాఠం ఎనిమిదో తరగతి పిల్లకు ఆ గిన్నెల దగ్గర అర్థమైంది. కప్పు మైదా తూకం వేస్తే దాదాపు 125 గ్రాములు, అదే కప్పు చక్కెర 200 గ్రాములు వస్తే, కప్పు ఒకటే కదా తూకం ఎందుకు మారింది అని పిల్లలే అడిగారు.

చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ప్యాకెట్టే పాఠం. మన నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో బాలామృతం తయారవుతుంది. రెండున్నర కిలోల ప్యాకెట్టు, రోజుకు వంద గ్రాములు. ఎన్ని రోజులు వస్తుంది? ఇరవై ఐదు. ఆ భాగాహారం తమ్ముడి గిన్నె దగ్గరే అయిపోయింది.

అమ్మ కూలి ఎక్కడ రాయాలి

ఒక ఆదివారం ఖర్చు లెక్క వేయించాం. లెక్క తేలిగ్గా ఉండాలని ధరలు మేమే అనుకున్నాం. మైదా 10, చక్కెర 7, పెరుగు 20, నూనె 18, సోడా, పౌడర్, వెనీలా కలిపి 5, గ్యాసు 10. మొత్తం 70 రూపాయలు. పన్నెండు ముక్కలు చేస్తే ముక్క ఆరు రూపాయలకు కాస్త తక్కువ. "అయితే పది రూపాయలకు అమ్మితే నాలుగు రూపాయలు లాభం" అని అందరూ అరిచారు.

ఒక ఏడో తరగతి అమ్మాయి మాత్రం పెన్ను ఆపి అడిగింది: "మరి అమ్మ కూలి ఏ గీత మీద రాయాలె?"

మా నలుగురికీ మాట రాలేదు. మనం ఇంట్లో పిండివంటలు, పచ్చళ్లు చేసి అమ్మేటప్పుడు ఆ గీత ఎప్పుడైనా రాశామా? గంటన్నర పని రాయకుండా లాభం అనుకుంటున్నాం. ఆ రోజు నుంచి మా ఖర్చు పట్టికలో "చేతి కష్టం" అని ఒక గీత పెట్టుకున్నాం. వ్యాపారం కోసం అప్పు అడిగే సభ్యులందరూ ఆ గీత పెట్టుకోవాలని మా మనవి.

సగం తెలిస్తే ఏం తెలుస్తుంది

ఇంకో సంగతి. పుస్తకం రాసే ఆ అక్క, కొడుకుతో పాటు ఆదివారాలు కూర్చోవడం మొదలుపెట్టింది. సంక్రాంతి ముందు ఆమెకు డబ్బు అవసరం పడింది. డైలీ ఫైనాన్స్ అతను వచ్చాడు. పది వేల అప్పు, చేతికి తొమ్మిది వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. "వెయ్యి రూపాయలే కద అక్కా, నూటికి పదే" అన్నాడు. మాలో చాలామందిమి ఆ మాట నమ్మి తీసుకున్నవాళ్లమే.

ఆమె కొడుకు నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేసింది. రోజూ కట్టుకుంటూ పోతే తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర ఉండవు. మొదటి రోజు మొత్తం ఉంటుంది, చివరి రోజు ఏమీ ఉండదు. సగటున ఉండేది సుమారు సగం, నాలుగున్నర వేలు. నాలుగున్నర వేల మీద వంద రోజులకు వెయ్యి. అంటే నెలకు మూడు వందలు. నూటికి నెలకు ఆరు రూపాయలకు పైనే పడుతుంది! మన సంఘంలో అంతర్గత అప్పు రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి పన్నెండు శాతం. ఆమె ఆ మనిషిని పంపించేసి, సంఘంలో తీర్మానం రాయించుకొని అప్పు తీసుకుంది.

పంచసూత్రాలు మనందరికీ నోటికి వచ్చు: సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఐదింటికీ లెక్కే ఆధారం. పిల్లలకు నేర్పుదామని కూర్చున్నది ముందు మనకు అక్కరకు వచ్చింది.

చివరగా

అందరు పిల్లలకూ లెక్కలు వచ్చేశాయని చెప్పం. అది అబద్ధం అవుతుంది. రాయడం మొదలుపెట్టాక కొందరికి మార్కులు పెరిగాయి, కొందరికి ఇంకా కష్టంగానే ఉంది. ఇద్దరు పిల్లలు మధ్యలో మానేశారు, వాళ్ల అమ్మలకు ఆదివారం కూడా షిఫ్టు పడుతుంది. వాళ్ల కోసం సాయంత్రం పూట ఎవరింట్లో కూర్చోబెట్టాలో ఇంకా ఆలోచిస్తున్నాం. బడిలో టీచరు చెప్పే పాఠానికి ఇది బదులు కాదు, తోడు మాత్రమే.

సమాఖ్యను మేము అడిగేవి మూడు. ప్రతి బస్తీ సమాఖ్యకు ఒక కొలత కప్పుల సెట్టు, ఒక చిన్న తూకం యంత్రం కొనివ్వండి, సంఘాలు వంతులవారీగా వాడుకుంటాయి. నెలకు ఒక ఆదివారం పిల్లల లెక్కలకు కేటాయించి తీర్మానాల పుస్తకంలో రాయించండి. మూడోది డబ్బు లేనిది: పిల్లల ముందు "నాకు లెక్కలు రావు" అనే మాట ఎవరమూ అనవద్దు. "ఉండు బిడ్డా, కలిసి చూద్దాం" అందాం.

మొన్న అదే మీటింగులో, అదే అక్క దగ్గరికి, ఈసారి వేరే ఇంటి పిల్లవాడు వచ్చి దాదాపు అదే ప్రశ్న అడిగాడు. ఆమె పుస్తకం మూయకుండానే చెప్పింది: "ముప్పావు అంటే మూడు పావులు. పావుల సగం అద్దపావు. మూడు పావుల సగమంటే మూడు అద్దపావులు. ఇప్పుడు దాన్ని నీ నోటుబుక్కుల రాయి చూద్దాం." వాడు 3/8 అని రాశాడు. పక్కనే కూర్చున్న ఆమె కొడుకు, కరెక్టే అని తలూపాడు.

బయట బల్ల మీద పెట్టిన కేకులు పిల్లలు కొలిచినవే. ముక్కలు మీ లెక్కకు తగ్గట్టే కోశారు, ఒక్కొక్కరు ఒక్కటే తీసుకోండి.